లోలా మోరాకు పడిన బాకీ

అర్జెంటీనాలో నవంబరు 17 శిల్పుల దినం. అది ఆ దేశపు శిల్పి లోలా మోరా పుట్టినరోజు. చట్టం చేసి మరీ ఆమెకు ఆ గౌరవం ఇచ్చారు, సంతోషం. కానీ ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది నగ్న శిల్పాల గొడవ దగ్గరే ఆగిపోతారు. ఆమెను నిజంగా దెబ్బతీసింది ప్రభుత్వ ఉత్తర్వులేనని మేం గట్టిగా చెప్పదలుచుకున్నాం.

లోలా పెరిగింది ఉత్తర అర్జెంటీనాలోని టుకుమాన్‌లో. తల్లిదండ్రులిద్దరూ 1885లోనే పోయారు. స్థానిక ప్రముఖుల చిత్తరువులు వేసి పేరు తెచ్చుకుని, స్కాలర్‌షిప్ మీద రోమ్ వెళ్లి, అక్కడ జూలియో మోంతెవెర్దె దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత బ్యూనస్ ఐరిస్ కోసం కరారా పాలరాతితో ఒక ఫౌంటెన్ చెక్కారు: పైన వీనస్, ఆమెను ఎత్తిపట్టుకున్న ఇద్దరు సముద్ర కన్యలు, కింద గుర్రాలను లొంగదీస్తున్న మగవాళ్లు. దాన్ని నగరం నడిబొడ్డున ప్లాసా దె మాయోలో పెట్టాలనుకున్నారు, అయితే ఒంటి మీద బట్టల్లేని బొమ్మలు కెథడ్రల్ దగ్గరా అని పెద్దమనుషులు గోలపెట్టడంతో వేరే చోట 1903 మే 21న ప్రారంభించారు, 1918లో అక్కడి నుంచీ లేపి నది ఒడ్డున ఉన్న కోస్తనేరా సూర్‌కు పంపేశారు. ప్యాంటు వేసుకుని నలుగురి కళ్లముందు రాళ్ల మధ్య పనిచేసిన మనిషి ఆమె, అయినా అంత రాయి ఒక ఆడమనిషి చెక్కిందా అన్న అనుమానం కొందరికి పోలేదు.

ఈ నిందలను ఆమె తట్టుకున్నారు. తట్టుకోలేనిది మరొకటి జరిగింది. పార్లమెంటు భవనం కోసం చేసిన శిల్పాలను, నచ్చలేదంటూ కొన్నేళ్లకే తీయించేశారు. వాటిలో శాంతి, న్యాయం, స్వేచ్ఛ, ప్రగతి బొమ్మలు దూరాన ఉత్తరాదిలోని హుహుయ్ రాష్ట్రానికి చేరాయి. రోసారియో నగరంలో జాతీయ పతాక స్మారకానికి ఆమెకు 1909లో ఒప్పందం ఇచ్చి, ఏళ్ల తరబడి నాన్చి, 1925లో రద్దు చేశారు. చేయించుకున్న పనిని చెత్తలా తోసేసే హక్కు ఏ ప్రభుత్వానికి ఉంటుంది? రాతిని నమ్ముకున్న మనిషికి శిల్పాలు చెక్కమని వచ్చే ఆర్డర్లే జీవనాధారం, అవి ఆగితే చేతిలో ఎంత నైపుణ్యం ఉన్నా ఏం లాభం? చివరికి ఆమె సాల్టా రాష్ట్రంలో చమురు తీసే రాళ్ల తవ్వకాల్లో ఉన్న డబ్బంతా పెట్టి పోగొట్టుకున్నారు. పింఛను మంజూరైంది గానీ అప్పటికే ఆరోగ్యం పాడైంది. 1936 జూన్ 7న బ్యూనస్ ఐరిస్‌లో పేదరికంలో కన్నుమూశారు.

2014లో పార్లమెంటు ముందు ఆ శిల్పాల నకళ్లు పెట్టారు. అసలువి హుహుయ్‌లోనే ఉన్నాయి, ఉండాలి కూడా, అక్కడివాళ్లు శతాబ్దంగా కాపాడుకున్న సొత్తు అది. అయితే ఆ నకళ్ల పక్కన అసలు శిల్పాలను ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో తీసేశారో, దారిన పోయేవాళ్లు ఆగి చదివేంత పెద్ద అక్షరాల్లో చెక్కించాలన్నది మా డిమాండ్.