సీసాకి వయసుంటుందని చట్టానికి తెలియదు

మొన్న సంక్రాంతికి బడి భవనం కోసం కోనసీమలో మన ప్రవాసుల సంఘం పెట్టిన వేలంపాటలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. పట్టుచీరలు బాగానే పోయాయి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పాత వైన్ సీసా దగ్గరకొచ్చేసరికి ఎవరో లైసెన్సేదని అడిగారు, సీసా బల్ల దిగింది, దాత అలిగి వెళ్లిపోయారు.

అడిగినవాళ్ల తప్పేమీ లేదు. బడి కోసమైనా గుడి కోసమైనా డబ్బు తీసుకుని ఇస్తే అది అమ్మకమే. 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం దానికి లైసెన్సు ఉండాలి. విదేశం నుంచి వచ్చేటప్పుడు కస్టమ్స్ సుంకం లేకుండా వదిలే రెండు లీటర్లు సొంతానికే. యానాంలో పెట్టుకుంటే పోయేదిగా అంటున్నవాళ్లకి: బాలయోగి వారధి దాటితే పుదుచ్చేరి చట్టం వస్తుంది, రేటు తగ్గుతుంది, లైసెన్సు గొడవ తప్పదు. పాడుకున్న సీసాని మళ్లీ ఇటు తేవడం ఇంకో తంటా.

అసలు చిక్కు వేరే. మన ఎక్సైజుకి అలవాటైంది కల్లు, సారా, బ్రాందీ లెక్క. పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, నిలవుంటే వెనిగరే. ఎన్ని లీటర్లు, ఎంత ఘాటు అన్నదే ప్రశ్న; ఏ ఏటిదని అడిగే పనే లేదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం మాత్రం పాత సీసాల్ని వేరుగా చూసింది. 2018 నుంచి అక్కడ లైసెన్సున్న కొట్లూ రెస్టారెంట్లూ మామూలు మనిషి దగ్గర పాత విస్కీ కొనొచ్చు. సీసా తెరిచి ఉండకూడదు, ఆ సరుకు అక్కడి హోల్‌సేలరు దగ్గర దొరకనిదై ఉండాలి. విస్కీలాంటి స్పిరిట్లకే సుమా, వైన్‌కి కాదు. కిటికీ అంత సందే, కానీ జనానికి అమ్మే చెయ్యి లైసెన్సుదే. మన దగ్గరా అంతమాత్రం సందు అడగడం తప్పు కాదు.

అందాకా సీసాలు సూట్‌కేసుల్లో తేవద్దు. అమెరికాలో మీరుండే రాష్ట్రంలో లైసెన్సున్న వేలం సంస్థకిచ్చి, వచ్చిన డబ్బు బడికి పంపండి. వాళ్లు ముందు అడిగేది మట్టం, అంటే సీసాలో వైన్ ఎంతవరకు ఉందని. ఇరవై, ముప్పై ఏళ్ల బోర్డో సీసా భుజం (మెడ కింద వంపు) పైఅంచు దాకా దిగినా ఫరవాలేదు. నడిభుజం కిందికి దిగితే అనుమానమే. పన్నెండు, పద్నాలుగు డిగ్రీల్లో పడుకోబెట్టాల్సిన సీసాని ఇక్కడ అటక మీద నిలబెడతాం. నలభై డిగ్రీల ఎండకి వైన్ ఉబ్బి బిరడాని నెడుతుంది, పైన తడి తగలక బిరడా ఎండి కుంచించుకుపోతుంది, గాలి దూరుతుంది. ఆ రోజు బల్ల దిగిన సీసా మట్టం ఎవరైనా చూశారా? అటక మీదే రెండు వేసవులు గడిపిందంటున్నారు.