పాట పడమటిది, బుగ్గ తూర్పుది

అమెరికాలోని కాన్సాస్ నడిమధ్య, మే నెల పొద్దున ఆరున్నర. కంచె గుంజ మీద మెడోలార్క్ అనే పిట్ట, కారుకి వీపు తిప్పి కూర్చుంది. అది వాటి అలవాటు. మనిషి కనబడగానే పచ్చటి రొమ్ము దాచేసి ఎండుగడ్డి రంగు వీపు ఇటు పెడతాయి. వీటిలో తూర్పుది, పడమటిది అని రెండు జాతులు. వీపు చూసి ఏదో చెప్పడమంటే, క్యూలో ముందున్నాయన చొక్కా చూసి ఇంటిపేరు చెప్పడమే.

అల్లుడుగారు అద్దం దించారు. "పాట చాలు మామయ్యగారూ. తూర్పుదైతే మూణ్ణాలుగు ఈలలు, పొడుగ్గా, జారుతూ. పడమటిదైతే ఒకటి రెండు ఈలలతో ఎత్తుకుని, పిల్లనగ్రోవిలో నీళ్ళు పోసి ఊదినట్టు గబగబా గమకాలు."

పక్షి గమకాలే వేసింది. "వెస్ట్రన్! ఈ రాష్ట్ర పక్షి!" ఫోన్‌లో, చూసిన పక్షుల జాబితాకెక్కించేశారు.

అప్పుడు అది ఇటు తిరిగింది.

ముందంతా పసుపూ, రొమ్ము మీద నల్లపూసల పేటా రెండింటికీ ఉంటాయి (పాడేది మగాడు, ముత్తయిదువ సింగారం మాత్రం ఎందుకో). తేడా ముక్కు మూల నుంచి దిగే బుగ్గ చారలో. పడమటి మగదానికి పసుపు గొంతు దాటి దాని మీదికి పాకుతుంది, నలుగు పెట్టినవాళ్ళు చెయ్యి ఆపనట్టు. ఆడదానికి అంతంతమాత్రం. తూర్పుదానికి అక్కడ తెలుపే. ఈ శాల్తీ బుగ్గ సున్నం కొట్టినట్టుంది. నెత్తి చారలు ముదురు. ఎగిరితే తోక అంచుల్లో బోలెడు తెలుపు కూడా కనబడాలి. అదే అక్టోబరైతే కొత్త ఈకల అంచులు నల్లపూసల్నే మసకబార్చేవి.

"మరి పాట?" అన్నారు మామగారు.

పాట చిన్నప్పుడు చుట్టుపక్కల విని నేర్చుకునేది. రెండు జాతులూ కలిసే చోట అప్పుడప్పుడు ఒకటి పక్కింటి పాట ఎత్తుకుంటుంది. నమ్మాల్సింది పిలుపుని, అది పుట్టుకతో వచ్చేది. బెదిరితే తూర్పుది గరగరా "జ్జర్ట్" అంటుంది, పడమటిది లోగొంతుతో "చప్". అల్లుడుగారు కారు తలుపు తీశారు.

"జ్జర్ట్!" తోకలో తెలుపు మెరిపించి మరీ ఎగిరింది.

"1844లో పక్షుల బొమ్మలేసే ఆడుబాన్ పడమటిదానికి పేరు పెడుతూ నెగ్లెక్టా అన్నాడండీ, పట్టించుకోనిదని. అంతవరకూ తేడా ఎంతమంది పట్టించుకున్నారు గనక?" జాబితా దిద్దుతూ అల్లుడుగారు సమర్థించుకున్నారు.

మామగారి ఆలోచన పిలుపు దగ్గరే ఉంది. "ఇక్కడి మన పిల్లలూ అంతే అల్లుడుగారూ. పైకి ఎంత ఇంగ్లీషు పాడినా, దెబ్బ తగిలితే 'అమ్మా' అనే అంటారు."

వెనక సీట్లోంచి దిగబోయిన మనవడి మోకాలు తలుపుకి తగిలింది.

"ఔచ్!"