క్షిపణి వేగం సరే, మ్యాగజైన్‌లో ఎన్నున్నాయి?

మనవాళ్లు ఆయుధాల గురించి మాట్లాడుకుంటున్నారంటే స్పీడు గురించో, రేంజి గురించో మాట్లాడుకుంటున్నట్టే లెక్క. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ నడిచిన నాలుగు రోజులూ హన్మకొండ చౌరస్తాలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఇదే ముచ్చట. బ్రహ్మోస్ ధ్వని కన్నా మూడింతలు వేగమట, ఎస్-400 నాలుగు వందల కిలోమీటర్ల అవతలే కొట్టేస్తదట. "బ్రహ్మోస్ ఉండంగ మనకేం టెన్షన్ అన్నా?" అని డిగ్రీ చదివే పిల్లగాడొకడు నన్నడిగాడు. "మన దగ్గర ఎన్నున్నయిరా అవి?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. పాపం, వాడి తప్పేం లేదు. వాడు చూసే ఏ చానల్లోనూ ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఆ నాలుగు రోజుల్లో ఎవరు ఎక్కడ కొట్టారో పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. నేను పట్టుబట్టి చెప్పదలచుకున్నది వేరే. ఇప్పటి యుద్ధంలో ఆయుధ బలం అంటే ఉన్నది అయిపోయాక ఇంకొకటి ఎన్నాళ్లకు చేతికొస్తుందనే. మిగతా గొప్పలన్నీ దాని తర్వాతే.

మా మేనమామ గోదావరిఖనిలో షాట్ ఫైరర్‌గా, అంటే మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేసి రిటైరయ్యాడు. బొగ్గు గనుల్లో పేలుడు పదార్థాలు దాచే కట్టడాన్ని మ్యాగజైన్ అంటారు. డ్యూటీ ఎక్కేటప్పుడు ఎన్ని డిటొనేటర్లు తీసుకున్నాడు, ఎన్ని పేల్చాడు, ఎన్ని వాపసు ఇచ్చాడు, అన్నీ రిజిస్టర్‌కు ఎక్కాల్సిందే. ఒక్కటి తేడా వచ్చినా ఆ లెక్క తేలేదాకా ఇంటి ముఖం చూసేది లేదనేవాడు. యుద్ధనౌకలో మందుగుండు దాచే గదికి కూడా అదే పేరు. నౌకాదళ నిపుణులు 'మ్యాగజైన్ డెప్త్' (ఓడలో మందుగుండు ఎంతుందన్న లెక్క) అంటూ పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తారు. మా మామ ఆ వ్యాసాలు చదవలేదు గానీ సంగతి ఆయనకు ముప్పై ఏళ్ల కిందే తెలుసు.

ఆ లెక్కే మన ఓడ మీద వేసి చూద్దాం. ఐఎన్ఎస్ విశాఖపట్నం అనే డిస్ట్రాయర్ (పెద్ద యుద్ధనౌక) 2021 నవంబర్‌లో నౌకాదళంలో చేరింది. 163 మీటర్ల పొడవు, 7,400 టన్నుల బరువు. శత్రువు ఓడల్ని, తీరాన్ని కొట్టడానికి 16 బ్రహ్మోస్‌లు. తన మీదికొచ్చే విమానాల్ని, క్షిపణుల్ని కూల్చడానికి డెక్కు కింద నిలువు గొట్టాల్లో 32 బరాక్-8లు. ఇజ్రాయెల్‌తో కలిసి మన డీఆర్‌డీఓ రూపొందించిన ఈ క్షిపణి 70 కిలోమీటర్ల దూరంలోనే లక్ష్యాన్ని అందుకోగలదు. అద్భుతమైన ఓడ, అందులో అనుమానం లేదు. కానీ మీదికొచ్చే క్షిపణి తప్పించుకుపోకుండా ఒక్కోదానికి రెండేసి వదలడం నౌకాదళాల్లో మామూలు. అలా చూస్తే 32 అంటే 16. మరి పదిహేడోది వస్తే?

పదిహేడో దానికి ఫిరంగులుంటాయి, ఎలక్ట్రానిక్ మాయలుంటాయి, తోటి ఓడలుంటాయి. నిజమే. కానీ ఆ గొట్టాలు మాత్రం మళ్లీ సముద్రం మీద నిండవు. ఒక్కో క్షిపణీ దాని పెట్టెతో సహా క్రేనుకు వేలాడుతూ సన్నటి రంధ్రంలోకి నిటారుగా దిగాలి. అలల మీద ఊగే ఓడలో ఆ పని జరగదు, రేవుకు రావాల్సిందే. అమెరికా అంతటి నౌకాదళమే సముద్రం మధ్యలో ఓ పెట్టెను అలా దించి చూపించింది 2024 అక్టోబర్‌లో, అదీ ప్రయోగంగా. అంటే ఎంత గొప్ప డిస్ట్రాయర్ అయినా దాని గొట్టాలు ఖాళీ అయిన మరుక్షణం నుంచి ఇంటికి తిరుగు ప్రయాణంలో ఉన్న ఓడే.

ఎర్ర సముద్రంలో జరిగింది ఇదే. 2023 నవంబర్ నుంచి యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు వాణిజ్య నౌకల మీద డ్రోన్లు, క్షిపణులు వదలడం మొదలెట్టారు. వాళ్లకు చెప్పుకోదగ్గ నౌకాదళమే లేదు. 2025 జనవరిలో అమెరికా నౌకాదళం చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి ఆ దాడుల్ని ఆపడానికి అమెరికా ఓడలు 120 ఎస్ఎం-2 రక్షణ క్షిపణులు, 80 ఎస్ఎం-6లు వదిలాయి. ఎస్ఎం-2 ఒక్కోటి దాదాపు ఇరవై లక్షల డాలర్లు, మన లెక్కలో పదిహేడు కోట్ల దాకా. అవతల ఎగిరొచ్చిన డ్రోన్లలో చాలావాటి ఖరీదు ఇరవై వేల డాలర్లకు అటూ ఇటూ. ఎలుకను పట్టడానికి ఇల్లు తగలబెట్టుకోవడం అని మన పెద్దలు అన్నది ఈ లెక్క తెలియకుండానే. డబ్బు సంగతి అలా ఉంచండి, అమెరికా దగ్గర డబ్బుకు కొదవా? డబ్బు అచ్చేసుకోవచ్చు, ఎస్ఎం-6 అచ్చేసుకోలేరు. అది అసలు బాధ.

ఇదే లెక్కలో జనం దాటేసిన అంకె ఇంకోటుంది. ఆ ఓడలు 160 అయిదంగుళాల ఫిరంగి గుండ్లు కూడా కాల్చాయి. క్షిపణుల యుగంలో ఓడ మీద ఫిరంగి అలంకారానికే అనుకున్నవాళ్లు అక్కడ ఫిరంగి వైపే మళ్లారు. 2024 మార్చిలో ఇటలీ డిస్ట్రాయర్ కైయో దుయిలియో డ్రోన్‌ను కూల్చింది 76 మిల్లీమీటర్ల తుపాకీతోనే. ఆ రకం తుపాకీ మన ఓడల మీదా ఉంది, హరిద్వార్ బీహెచ్ఈఎల్‌లో తయారవుతుంది. దాని గురించి మీరు టీవీలో ఎన్నిసార్లు విన్నారు?

ఇక మన సంగతి. 2025 మేలో పశ్చిమ సరిహద్దు మీదికి గుంపులు గుంపులుగా డ్రోన్లు వచ్చినప్పుడు పేరు ఎస్-400కు, ఆకాశ్‌కు వచ్చింది, రావాల్సిందే. కానీ డ్రోన్లను కూల్చినవాటిలో ఎల్-70 కూడా ఉంది. ఎల్-70 అంటే 40 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకీ, 1950ల నాటి స్వీడన్ బోఫోర్స్ డిజైన్. తాతల కాలం నాటిదని ఇనుప సామాను కింద జమకట్టాల్సిన ఆ తుపాకీకి భారత్ ఎలక్ట్రానిక్స్ కొత్త కళ్లు పెట్టింది. మోటార్లు, పగలూ రాత్రీ చూసే కెమెరాలు, లేజర్‌తో దూరం కొలిచే పరికరం. ఒళ్లు ముసలిది, చూపు కుర్రది. నిమిషానికి రెండు, మూడు వందల గుండ్లు కక్కుతుంది. అయిపోతే లారీలో ఇంకో పెట్టె వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు నా వాదనంతటికీ. ఖరీదైన బాణం ఖరీదైన శత్రువుకే వాడాలి. చిల్లర శత్రువుకు చిల్లర గుండే కావాలి, కాకపోతే బోలెడు కావాలి. ఎల్-70ని మూలన పడెయ్యకుండా కళ్లు పెట్టించాలన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకు చెయ్యెత్తి మొక్కాలి.

చవక ఆయుధాలతో పెద్ద ఓడల్ని తరిమిన నల్ల సముద్రం కథ అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. పెద్ద ఓడలే లేని ఉక్రెయిన్ 2022 ఏప్రిల్‌లో రెండు నెప్ట్యూన్ క్షిపణులతో రష్యా నల్ల సముద్ర నౌకాదళ ప్రధాన నౌక మాస్క్వాను ముంచింది. ఆ తర్వాత మనిషి లేని చిన్న పడవలతో మరికొన్నింటిని ముంచి, మిగిలిన నౌకాదళంలో చాలా భాగాన్ని సెవాస్తపోల్ నుంచి నొవొరొస్సీస్క్‌కు తరిమింది.

లెక్క కన్నా గురే ముఖ్యమనే అవతలి పక్షం వాదన కూడా గట్టిదే. 1971 డిసెంబర్ 4 రాత్రి నిపట్, నిర్ఘట్, వీర్ అనే మూడు మిసైల్ బోట్లు కరాచీ మీదికి వెళ్లాయి. ఒక్కోటి 250 టన్నులు కూడా ఉండదు. అంత దూరం సొంతంగా పోలేవని పెద్ద ఓడలు వాటిని తాళ్లతో లాక్కెళ్లాయి. ఒక్కోదాని మీద నాలుగే స్టిక్స్ క్షిపణులు. ఆ కాసిన్నింటితోనే ఖైబర్ అనే డిస్ట్రాయర్ మునిగింది, కరాచీ వణికింది, మనకు నేవీ డే వచ్చింది. గురి ఉన్న ఆయుధానికి రాశితో పనేముందని వాళ్లడుగుతారు. మన యుద్ధాలు నాలుగు రోజులకో, పద్నాలుగు రోజులకో ముగుస్తాయని కూడా అంటారు. నా జవాబు సింపుల్. ఆ రాత్రి కరాచీ దగ్గర స్టిక్స్‌కు విరుగుడు లేదు. ఇప్పుడు ప్రతి విషానికీ విరుగుడుంది, విరుగుడు అయిపోయేదాకా చవక డ్రోన్లు వదిలే తెలివీ ఉంది. ఇక నాలుగు రోజుల మాటంటారా, 2022 ఫిబ్రవరిలో రష్యా కూడా యుద్ధం రోజుల్లో ముగుస్తుందనే లెక్కతోనే బయల్దేరింది.

ఓరుగల్లు వాళ్లకు ఈ పాఠం పుస్తకాల్లోంచి రానక్కర్లేదు. ఖిలా వరంగల్ వెళ్లి నిలబడండి. బయట మట్టికోట, దాని చుట్టూ అగడ్త, లోపల రాతికోట, మళ్లీ అగడ్త. బాలిస్టిక్ క్షిపణులకు ఒకటి, విమానాలకు ఒకటి, డ్రోన్లకు ఒకటి అంటూ ఇవాళ వరసలు వరసలుగా కడుతున్న గగనతల రక్షణ ఇదే పద్ధతి. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చి ఆ గోడలు దాటలేక, తన సైన్యంలోనే గొడవలు రేగి వెనుదిరిగాడు. ఇక రారనుకున్న ప్రతాపరుద్రుడు విందులు చేసి, కోటలో దాచిన ధాన్యాన్ని అమ్మేశాడని ఆ కాలం నాటి కథనం. 1323లో ఖాన్ మళ్లీ వచ్చాడు. గోడలు అవే, అగడ్తలు అవే. గాదెలే ఖాళీ. ఆకలి కోట తలుపులు తీయించింది.

2017 కాగ్ నివేదిక చదివినప్పుడు నాకు ఆ గాదెలే గుర్తొచ్చాయి. 2016 సెప్టెంబర్ నాటికి మన సైన్యం వాడే 152 రకాల మందుగుండులో 61 రకాలు గట్టి యుద్ధం వస్తే పది రోజులకు కూడా చాలవని తేల్చింది. ఆ తర్వాత కొనుగోళ్లు పెరిగాయి, ఒప్పుకుంటాను. కానీ కొనడం వేరు, చేసుకోవడం వేరు. ఉక్రెయిన్‌కు ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామన్న యూరప్ 2024 మార్చి గడువుకు సగం దగ్గరే ఆగింది. ఎందుకని? ఆ గుండ్లలో కూరే టీఎన్‌టీని అక్కడ పెద్ద ఎత్తున తయారుచేసేది పోలండ్‌లోని ఒక్క ఫ్యాక్టరీ. స్టింగర్ క్షిపణులు మళ్లీ చెయ్యాల్సొస్తే రేథియాన్ కంపెనీ డెబ్బై దాటిన రిటైర్డ్ ఉద్యోగుల్ని ఇళ్ల నుంచి పిలిపించుకుంది, కుర్రాళ్లకు నేర్పడానికి. ఆర్డరు ఒక్క సంతకంతో అయిపోతుంది. చేతి పని మాత్రం అలా రాదు.

ఇక్కడే నేను మా ఇంటి సంగతికి వస్తాను. తెలంగాణలో రక్షణ పరిశ్రమ అంటే హైదరాబాదే. క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్, ఇమారత్, వాటిని తయారుచేసే బీడీఎల్, ఉక్కూ టైటానియం ఇచ్చే మిధానీ, బ్రహ్మోస్ కూర్పు, అన్నీ ఆ చుట్టుపక్కలే. కొంచెం పక్కకు జరిగితే ఎద్దుమైలారం యుద్ధ వాహనాల ఫ్యాక్టరీ. 2024 అక్టోబర్‌లో జలాంతర్గాములతో మాట్లాడే రాడార్ కేంద్రానికి శంకుస్థాపన చేసింది కూడా హైదరాబాద్ పక్కనున్న వికారాబాద్ అడవుల్లోనే. జనం రాడార్ అంటున్నారు గానీ అది నిజానికి రేడియో స్టేషన్. ఘట్‌కేసర్ దాటి కాజీపేట రైలెక్కితే ఆ జాబితా దాదాపు అక్కడితో సరి.

నాగపూర్‌ను చూడండి. 1995లో అక్కడ గనులకు పేలుడు పదార్థాలు అమ్ముకుంటూ మొదలైన సోలార్ అనే కంపెనీ ఇవాళ సైన్యానికి చేతి బాంబులు ఇస్తోంది, 2024లో నాగాస్త్ర అనే ఆత్మాహుతి డ్రోన్లు అందించింది. బొగ్గు పగలగొట్టే మందుకూ యుద్ధం మందుకూ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క తరంలో దాటేసింది. రామగుండం ఉన్నది అదే రైలు మార్గంలోనే కదా! 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన సింగరేణి బొగ్గు గడ్డ ఇది. మంచిర్యాల, గోదావరిఖని, భూపాలపల్లిలో రోజూ బ్లాస్టింగే. మ్యాగజైన్ నడపడం, డిటొనేటర్ ముట్టుకోవడం, లైసెన్సు నియమాలు, రిజిస్టర్ క్రమశిక్షణ తెలిసిన మనుషులు వేలల్లో ఉన్నారు. గుండ్లలో మందు కూరే ఫ్యాక్టరీ పెట్టాలంటే దేశంలో ఇంతకన్నా తయారుగా ఉన్న చోటు నాకు చూపించండి. ప్రమాదం అంటారా? మందుతో చెలగాటం ఎంత ఖరీదో గని కార్మికుడి పెళ్లానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే వాళ్లకివ్వమంటున్నాను.

2018లో కేంద్రం రక్షణ పరిశ్రమల కోసం రెండు డిఫెన్స్ కారిడార్లు ప్రకటించింది. ఉత్తరప్రదేశ్‌కు ఒకటి, తమిళనాడుకు ఒకటి. ఇన్ని క్షిపణులు చేసే తెలంగాణకు సున్నా. 1980లలో కాజీపేటకు రావాల్సిన రైలు కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయిన నాటి నుంచీ మాకిది అలవాటే అనుకోండి.

మొన్న ములుగు రోడ్డు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లాను. రైస్‌మిల్లు షాఫ్టులు, గనుల కన్వేయర్ రోలర్లు చేస్తాడాయన. ఆరుగురు పనివాళ్లు, ముగ్గురు ఐటీఐ పిల్లలు. సీజన్ లేనప్పుడు మిషన్లు సగం ఖాళీ. ఫోన్లో ఫిరంగి గుండు ఒంటి బొమ్మ చూపించి, ఫోర్జింగ్ చేసిన ముక్క ఎక్కడి నుంచైనా వస్తే మిగతా తిప్పుడు పని ఇక్కడ అవుతుందా అని అడిగాను. బొమ్మను వేళ్లతో పెద్దది చేసి కాసేపు చూశాడు. "డ్రాయింగ్ ఇప్పియ్యి సార్. టాలరెన్స్ ఎంతో చెప్పమను. నెలకెన్ని కావాలె?" అన్నాడు.