మెడ వెనక లేబుల్

పోయిన నెల మన సంఘం ఉగాది వేడుకలకి వాలంటీర్ల టీషర్టులు మా గరాజ్‌లోనే దింపారు. సైజులవారీగా సర్దుతుంటే మెడ వెనక లేబుల్ మీద చూపు ఆగింది, మేడిన్ బంగ్లాదేశ్. మెడ చుట్టూ కుట్టు తిప్పి చూశాను, ఎక్కడా ఒక్క పోగు కూడా తప్పలేదు. ఆ షర్టుల కోసం కమిటీలో అరగంట బేరమాడి ఒక్కోదానికి 50 సెంట్లు తగ్గించుకున్నాం. "అక్కడ లేబర్ చీప్ కదండీ, ఇంకా తగ్గిస్తారు" అని ఒకరంటే నేనూ తలూపాను. ఆ మాటే ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోంది.

చీప్ అంటే ఎంత? 2023 చివర్లో అక్కడి ప్రభుత్వం బట్టల ఫ్యాక్టరీల్లో కనీస వేతనం నెలకి 12,500 టాకాలు చేసింది. అప్పటి లెక్కలో దాదాపు 113 డాలర్లు. రోజుకి ఎనిమిది గంటలు, నెలకి 26 రోజులు వేసుకుంటే గంటకి 55 సెంట్లు కూడా పడదు. అంతకుముందు అయిదేళ్లపాటు 8,000 దగ్గరే ఉంచారు, బియ్యం, నూనె, ఇంటద్దెలు మాత్రం అలా ఆగలేదు కదా. కార్మికులడిగింది 23,000. అడిగి రోడ్డెక్కినందుకు లాఠీలు, టియర్ గ్యాస్, కొందరికి ప్రాణాలే పోయాయి.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా కూలింది. ఎనిమిదంతస్తుల భవనం. ముందురోజే బీటలు కనిపిస్తే కింద అంతస్తుల్లో బ్యాంకూ, షాపులూ మూసేశారు. పైన మిషన్ల మీద కూర్చునేవాళ్లని మాత్రం మర్నాడు పొద్దున్నే రావాల్సిందేనన్నారు, రాకపోతే జీతం ఆపేస్తామన్నారు. 1,134 మంది పోయారు. ఆర్డరు గడువు తప్పితే కొనేవాడు ఊరుకోడు, ధర పెంచమంటే వేరే దేశం వెళ్లిపోతాడు. ఆ ఒత్తిడంతా చివరికి మిషన్ ముందు కూర్చున్న పిల్ల మీదే పడుతుంది. తర్వాత పెద్ద బ్రాండ్లు చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి, తనిఖీలు జరిగాయి, ఫైర్ డోర్లు వచ్చాయి. అది నిజమైన మార్పే. కానీ అది భద్రత ఒప్పందం, జీతాలు పెంచాలన్న ఊసు అందులో లేదు.

అక్కడి బట్టలు కొనడం మానేద్దామని నేననను. ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతం పైగా బట్టలే, సుమారు 40 లక్షల మందికి అదే పని, ఎక్కువమంది ఆడవాళ్లు. 2020లో కోవిడ్ రాగానే బ్రాండ్లు కుట్టేసిన సరుకు ఆర్డర్లు కూడా రద్దు చేస్తే ముందు వీధిన పడింది వాళ్లే. మా పిన్ని కూతురు అచ్యుతాపురం సెజ్‌లో ఇలాంటి ఫ్యాక్టరీలోనే లైన్ మీద పనిచేసింది, తెల్లారకముందే క్యారేజీ పట్టుకుని బస్సెక్కేది. దాని చూపుడువేలి గోటి మీద సూది దిగిన మచ్చ ఇంకా ఉంది. అయినా తన డబ్బుతో తమ్ముణ్ణి చదివించానని ఎంత గర్వంగా చెప్తుందో. ఆ పని ఉండాలి, ఆ పనికి తగ్గ కూలి కూడా ఉండాలి.

ఇక్కడి షాపులో మనమిచ్చే ధరలో కుట్టినమనిషికి చేరేది చాలా చిన్న ముక్క. కాబట్టి వచ్చే ఏడాది కొటేషన్ అడిగేటప్పుడు ఏ ఫ్యాక్టరీలో కుట్టించారో, అది ఆ భద్రత ఒప్పందం కిందికి వస్తుందో రాదో అడుగుదాం, ఆ 50 సెంట్ల బేరం మానేద్దాం. ఆర్డరు జనవరి మీటింగులో పెడతారు. నేను ఈ మాట అక్కడ ఎత్తుతాను, మీరూ రండి.