ఆ పరుగు గుర్రానికి ఇష్టమేనని ఎవరు చెప్పారు?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట) సీజను మొదలైతే చాలు, టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలలో చదువుతున్న మన పిల్లల వాట్సాప్ గ్రూపులలో ఒక పొడవైన సందేశం తిరగడం మొదలవుతుంది. స్టేడియంలోకి బతికున్న గుర్రాన్ని దౌడు తీయించే ఆనవాయితీని ఆపాలని ఎవరైనా అన్న మరుక్షణం దానికి జవాబుగా దీన్ని పంపుతారు. అందులోని వాదాలు స్థూలంగా ఇవి: ఇది 70 ఏళ్ళ సంప్రదాయం, ఇన్నేళ్ళలో చెప్పుకోదగ్గ హాని జరగలేదు, గుర్రానికి ఆ పరుగంటే ఇష్టం, జనాన్ని చూస్తే దానికి హుషారు, గుర్రం, రౌతు ఇద్దరూ తర్ఫీదు పొందినవారే, ఆపేస్తే విశ్వవిద్యాలయం గుర్తింపే పోతుంది, ఆ గుర్రాలకు దిక్కూ ఉండదు, అయినా అభ్యంతరం చెప్పేవాళ్ళంతా గుర్రం ముఖం ఎరుగని పట్నవాసులు.

ఇందులో నిజం ఉన్నచోట ఉందని ముందే ఒప్పుకుంటాను. ఈ గుర్రాలను ఎవరూ ఆకలితో మాడ్చడం లేదు. వాటి దాణా, లాడాలు, పళ్ళు, టీకాలు అన్నీ మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తెచ్చే గుర్రం కలలో కూడా చూడనంత శ్రద్ధగా జరుగుతాయి. రౌతులకు వాటిమీద ఉన్న ప్రేమ కూడా నటన కాదు. కనుక నా అభ్యంతరం పెంపకం గురించి కాదు, స్టేడియం లోపలి ఆ కొద్ది నిమిషాల గురించి మాత్రమే.

చెప్పుకోదగ్గ హాని జరగలేదన్న మాట నిజం కాదు. ఈ ఆనవాయితీకి పేరుమోసిన చోటు లబ్బక్ పట్టణంలోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం. నల్ల గుర్రం మీద ఎర్రని పైవస్త్రం ఎగురవేస్తూ వచ్చే ముసుగు రౌతు, అక్కడివాళ్ళ పిలుపులో 'మాస్క్‌డ్ రైడర్', 1954 జనవరి 1న జాక్సన్‌విల్ నగరంలో జరిగిన గేటర్ బౌల్ ఆటలో తొలిసారి అధికారికంగా జట్టును మైదానంలోకి నడిపించాడు. ఆ రోజు టెక్ జట్టు ఆబర్న్ మీద 35–13 స్కోరుతో గెలిచింది. సందేశంలోని 70 ఏళ్ళ లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. అయితే అదే లెక్కలో 1994 సెప్టెంబరు 3 కూడా ఉంది. న్యూ మెక్సికోతో ఆట జరుగుతుండగా, మైదానంలో దౌడు తీస్తున్న డబుల్ టీ అనే గుర్రం మీద జీను జారింది. రౌతుగా ఉన్న అమ్మాయి కింద పడిపోయింది. గుర్రం ఒంటరిగా పరుగెత్తి, స్టేడియం నుంచి బయటికి దారితీసే సొరంగం గోడకు గుద్దుకుని అక్కడికక్కడే చనిపోయింది. వేలాదిమంది కళ్ళముందు జరిగిన ఈ చావు సందేశం రాసినవారికి తెలియదనుకోవడం కష్టం.

ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో బూమర్, సూనర్ అనే రెండు తెల్లని పొట్టి గుర్రాలు పాతకాలపు గుడారపు బండిని లాగుతూ మైదానంలోకి వస్తాయి. 2019 అక్టోబరు 19న వెస్ట్ వర్జీనియాతో ఆటలో ఆ బండి మలుపు తిరుగుతూ బోల్తా పడింది. బండిలోని విద్యార్థులు నేలమీదికి విసిరేసినట్టు పడ్డారు గానీ పెద్ద గాయాలు కాలేదు, గుర్రాలకూ దెబ్బ తగలలేదు. సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయపు జట్టుకు గుర్తుగా ఉండే పొట్టి గుర్రాలలో మొదటిది, తొలి పెరూనా, 1934లో కారు కింద పడి చనిపోయింది కానీ, అది ఆటలో జరిగింది కాదు కాబట్టి నేను లెక్కలో వేయను. అయినా లెక్క సున్నా కాదు. ఇవేవీ కుట్రలు కావు, నిర్లక్ష్యాలు కూడా కావు. ఒకచోట జీను జారింది, మరొకచోట బండిలో బరువు ఒక పక్కకు ఒరిగింది. ఆరుబయట పొలంలో ఇలాంటిది జరిగితే గుర్రం అర మైలు పరుగెత్తి అలసి ఆగిపోతుంది, మనం వెళ్ళి పట్టుకొస్తాం. నాలుగు వైపులా గోడలు, జనం ఉన్నచోట ఆ అర మైలు దొరకదు.

గుర్రానికి ఇష్టమన్న వాదం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా వాదాలన్నీ దీని మీదే నిలబడ్డాయి. కొన్నేళ్ళ క్రితం ఒక స్టేడియంలో, నవంబరు చలిలో, గుర్రం లోపలికి వచ్చే ద్వారం పక్కనే నాకు సీటు దొరికింది. మేము కోట్లు కప్పుకుని వణుకుతున్నాం. దాని మెడ మాత్రం చెమటతో తడిసి, జూలు చర్మానికి అంటుకుపోయి ఉంది. ఒక చెవి ముందుకు, ఒక చెవి వెనక్కు తిరిగి ఉన్నాయి. కళ్ళెం నములుతున్న నోటి మూలల్లో నురగ. లోపల బాణసంచా పేలినప్పుడల్లా దాని డొక్కల మీది చర్మం, ఈగ వాలినప్పుడు అదిరినట్టు, ఒక్కసారి అదిరేది. పక్కనున్న అమ్మాయి దాని మెడ కింద గోకుతూ ఏదో చెబుతూనే ఉంది, కాసేపటికి అది కొంత కుదుటపడింది కూడా. నా వెనక వరుసలో ఒకాయన కొడుక్కి చూపిస్తూ, చూడు, ఎలా గంతులేస్తోందో, దానికి ఎంత ఆత్రంగా ఉందో అన్నాడు. ఆయన చూసినదీ నేను చూసినదీ ఒకటే గుర్రం. అది ఆనందమని ఆయన నిరూపించలేడు, బాధ అని నేనూ నిరూపించలేను.

అందుకే ఒంటి తీరును చూసి ఊహించడం మాని, గుర్రం పుట్టుక ఏమిటో చూడాలి. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. తలకు రెండు పక్కల ఉన్న కళ్ళతో దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది, మనకు వినిపించని పైస్థాయి శబ్దాలు కూడా వింటుంది. భయం కలిగితే ముందు పరుగు, తర్వాత ఆలోచన. అరవై వేలమంది ఎర్రచొక్కాలతో లేచి నిలబడితే అదొక ఎర్రసముద్రమని మనం మురిసిపోతాం గానీ, గుర్రం కంటికి ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనబడవు. దానికి దక్కేది కదులుతున్న గోడ, ఆ గోడ చేసే హోరు. ఓక్లహోమాలో జట్టు స్కోరు చేసినప్పుడు ఖాళీ తూటాలతో తుపాకులు కూడా పేలుస్తారు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో 1978 నుంచి రెనెగేడ్ అనే గుర్రం మీది రౌతు మండుతున్న ఈటెను మైదానం నడిమధ్యలో నాటుతాడు. నిప్పు, పేలుడు, గుంపు: గుర్రం దేని నుంచి పారిపోయేలా పుట్టిందో వాటినే మనం దాని చుట్టూ పేర్చి, పారిపోకుండా నిలబడినందుకు దానికి ఇష్టమంటున్నాం.

ఇష్టం సంగతి తేల్చడానికి నాకు తెలిసినంతలో ఒకే ఒక్క సాక్ష్యం ఉంది. 1994లో రౌతు కింద పడిన తర్వాత డబుల్ టీ వీపు మీద ఎవరూ లేరు, పగ్గాలు ఎవరి చేతిలోనూ లేవు. ఎటు వెళ్ళాలో ఆ క్షణంలో అదే నిర్ణయించుకుంది. బయటికి పోయే దారివైపు వెళ్ళింది.

ఇక తర్ఫీదు. టెక్సస్ టెక్‌లో రౌతుగా ఎంపిక కావడం తేలిక కాదు: రాతపరీక్ష, స్వారీ పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ ఉంటాయి. కానీ రౌతు విద్యార్థి, పదవీకాలం ఒక్క ఏడాది. అంటే గుర్రానికి ఏటా కొత్త చేయి, కొత్త గొంతు, కొత్త బరువు. పోలీసు గుర్రాలు గుంపుల్లో తిరగడం లేదా అని సందేశం అడుగుతుంది. తిరుగుతాయి, కాని అవి గుంపులో నడుస్తాయి. టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు సాధించడం) కాగానే దౌడు తీయవు. పైగా తర్ఫీదు వల్ల గుర్రం భయాన్ని ఓర్చుకోవడం నేర్చుకుంటుంది గానీ, జీను పట్టీ తెగకుండా ఉండడం నేర్చుకోదు. బండి తోలేవారి నేర్పు గురించి చెప్పాలంటే 1985 జనవరి 1 నాటి ఆరెంజ్ బౌల్ ఆట గుర్తుకొస్తుంది. వాషింగ్టన్‌తో ఆట 14–14 దగ్గర ఉండగా ఓక్లహోమా ఫీల్డ్ గోల్ కొట్టింది, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని పాయింట్లు సాధించింది. ఫౌల్ జెండా పడి ఆ గోల్ చెల్లకుండా పోయింది. జెండా చూసుకోకుండా బండిని మైదానంలోకి తోలేశారు. దానికి మరో 15 గజాల జరిమానా పడింది, మళ్ళీ కొట్టిన బంతిని ప్రత్యర్థులు అడ్డుకున్నారు, చివరికి ఓక్లహోమా 28–17తో ఓడిపోయింది. ఇది నవ్వుకోవడానికి బాగుంటుంది. కాని హోరులో మనిషికే జెండా కనబడకపోతే గుర్రం సంగతేమిటని కూడా అనిపిస్తుంది.

గుర్తింపు పోతుందన్న బెంగకు జవాబు ఆ లబ్బక్ ప్రాంగణంలోనే ఉంది. సోప్‌సడ్స్ అనే గుర్రం మీద కూర్చున్న విల్ రోజర్స్ (పేరుమోసిన అమెరికన్ హాస్యకారుడు, నటుడు) కంచు విగ్రహం 1950 నుంచి అక్కడ ఉంది. సొంతగడ్డ మీద ఆట ఉన్నప్పుడల్లా శాడిల్ ట్రాంప్స్ అనే విద్యార్థి బృందం ఆ విగ్రహాన్ని, గుర్రంతో సహా, ఎర్ర క్రేప్ కాగితంతో చుట్టేస్తుంది. గుర్రం పిరుదులు ప్రత్యర్థి విశ్వవిద్యాలయం టెక్సస్ ఏ అండ్ ఎం వైపు ఉండేట్టు దాన్ని కావాలనే పక్కకు తిప్పి నిలబెట్టారని తరతరాల విద్యార్థులు పొంగిపోతూ చెప్పుకుంటారు. ఇంతకన్నా ఘాటైన గుర్తింపు ఏం కావాలి? 'టైగర్స్' (పులులు) అనే జట్టున్న లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం, మైక్ అనే పేరు మోస్తున్న తన ఏడో పులిని స్టేడియానికి తీసుకురావడం లేదని 2017లోనే చెప్పేసింది. పులి స్టేడియానికి ఎదురుగా ఉన్న తన ఆవరణలోనే ఉంటుంది, జనమే వెళ్ళి చూస్తారు. 2024 నవంబరులో ఆ రాష్ట్ర గవర్నరు పట్టుబట్టి వేరే పులిని ఫ్లోరిడా నుంచి తెప్పించి బోనులో మైదానంలోకి తెచ్చారు. విమర్శలు వచ్చాయి, ఆటలో అలబామా చేతిలో 42–13తో ఓటమి కూడా వచ్చింది. పులి రాని ఇన్నేళ్ళలో ఆ జట్టును ఎవరూ పులులు అనడం మానలేదు.

పరుగు మానిపిస్తే గుర్రాలకు దిక్కుండదన్నది జాలి పుట్టించడానికి చెప్పిన మాట. ఒక్కో విశ్వవిద్యాలయానికి ఉన్నది ఒకటో రెండో గుర్రాలు. ముసలివైతే వాటిని ఎలాగూ పచ్చిక బయళ్ళకు పంపుతూనే ఉన్నారు, అదే పని కొన్నేళ్ళు ముందు చేయవచ్చు. లేదా ఆట రోజు పొద్దున్నే ద్వారం బయట గడ్డి మీద నడిపించి, పిల్లల చేత ముట్టించి, బాణసంచా మొదలయ్యేలోగా శాలకు చేర్చవచ్చు. నేను అడిగేది ఇంతవరకే.

అభ్యంతరం చెప్పేవాళ్ళకు గుర్రాల గురించి తెలియదన్న మాట మిగిలింది. నా సంగతి సరే, నాది పట్నపు బతుకే, ఒప్పుకుంటాను. మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో క్వార్టర్ హార్స్ అనే అమెరికన్ జాతి గుర్రాలు పెంచే ముసలాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుగా అదే పని, ఆటంటే ప్రాణం, ఇంటిముందు జట్టు జెండా ఏడాది పొడవునా ఎగురుతూనే ఉంటుంది. ఆట ఉన్న శనివారం మధ్యాహ్నం ఆయన తన గుర్రాలన్నిటినీ స్టేడియం వైపున్న పొలం నుంచి తోలుకెళ్ళి కొండ అవతలి పాకలో కట్టేసి వస్తాడు. ఎందుకని ఒకసారి అడిగాను. బాణసంచా కాలుస్తారు కదా అని, ఇది కూడా అడగాలా అన్నట్టు నా వైపు చూశాడు.