గడ్డి మెషీన్ కొనేముందు వోల్టులు కాదు, వాట్-అవర్లు చూడండి

నెల్లూరులో వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దీపావళికి మడమ దాకా ఉన్న గరిక కార్తీకం దాటేసరికి మోకాలికొస్తుంది. సరిగ్గా అప్పుడే వరి నాట్లు మొదలై కూలీలు దొరకరు. పిల్లలు తిరిగే పెరట్లో అంత గడ్డి ఉంటే పాముల టెన్షన్ ఒకటి. అందుకే మా వేదాయపాళెం వైపు ఈ మధ్య చాలామంది బ్యాటరీ లాన్ మోవర్ గురించి అడుగుతున్నారు.

మన ఊళ్లకు బ్యాటరీదే సరైనదని నా అభిప్రాయం. పెట్రోలుది బలమైనదే. కానీ గట్టిగా వాడేది ఏడాదిలో మూడు నాలుగు నెలలు. ఆ తర్వాత ట్యాంకులో మిగిలిన పెట్రోలు పాతబడి, కార్బురేటర్‌లో జిగురు పట్టి, మళ్లీ వానలొచ్చేసరికి మెషీన్ స్టార్ట్ కాదు. వైరుతో నడిచేది చవక, చిన్న లాన్‌కు చాలు కూడా. కానీ తడి నేల మీద, చెట్ల చుట్టూ వైరు లాక్కుంటూ తిరగడం నాకైతే భయం.

బ్యాటరీ మెషీన్లలోనూ అంకెలు తికమక పెడతాయి. ఒక డబ్బా మీద 36 వోల్టులు, ఇంకో దాని మీద 40 మ్యాక్స్ అని ఉంటుంది. నిజానికి రెండూ ఒకటే. ఫుల్ ఛార్జింగ్ అప్పుడు చూపించే అంకెను మ్యాక్స్ అంటారు. 18కీ, 20 మ్యాక్స్‌కీ ఉన్న తేడా కూడా ఇంతే. అసలు చూడాల్సింది వోల్టులను ఆంపియర్-అవర్లతో (డబ్బా మీద Ah అని ఉంటుంది) గుణిస్తే వచ్చే వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి. 36 వోల్టులు, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 72 వాట్-అవర్లు. మోటారు 400 వాట్లు లాగితే అది నడిచేది పదకొండు నిమిషాలకు కాస్త తక్కువ. అదే 4 ఆంపియర్-అవర్లదైతే రెట్టింపు.

ఇప్పుడు మన స్థలం లెక్క వేద్దాం. ఐదు సెంట్లలో ఇల్లు, బోరు, కారు పోను గడ్డి మిగిలేది సెంటో, సెంటున్నరో. సెంటు అంటే 40 చదరపు మీటర్లు. 33 సెంటీమీటర్ల వెడల్పున కోసే మెషీన్‌తో, వరస మీద వరస కొంచెం పడేలా నడిచినా సెంటుకు 150 మీటర్లు దాటదు. నిదానంగా నడిస్తే పది నిమిషాల పని. అంత చోటుకి 46 సెంటీమీటర్ల మెషీన్ కొనడం దండగ, మలుపుల్లో తిరగదు కూడా. ఆ డబ్బుతో రెండో బ్యాటరీ తీసుకోండి.

ఎండ సంగతి మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పరు. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం కోత అవగానే బ్యాటరీ తీసి వరండాలోనే ఛార్జర్‌కి పెట్టాను. ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంది, ఛార్జింగ్ ఎక్కదు. పాడైందేమో అని కంగారుపడ్డాను. ముట్టుకుంటే బాగా వేడిగా ఉంది. హాల్లో ఫ్యాను కింద గచ్చు మీద అరగంట ఉంచి పెడితే మామూలుగా ఎక్కింది. లిథియం బ్యాటరీ బాగా వేడెక్కితే ఛార్జర్ దానంతటదే ఆపేస్తుంది, అది మంచికే. వాడని నెలల్లో కూడా షెడ్డులో, మేడ మీది రేకుల గదిలో పెట్టకండి. సగం ఛార్జింగ్‌తో ఇంట్లో చల్లని చోట ఉంచండి.

మోకాలెత్తు గడ్డి మీదకు మోవర్ తోలితే మోటారు ఆగిపోతుంది. ముందు కొడవలితోనో బ్రష్ కట్టర్‌తోనో తగ్గించి, ఆ తర్వాత వారం పది రోజులకోసారి, ఒక్కో కోతకు గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించకుండా మోవర్‌తో కోయాలి. వాన వెలిసిన వెంటనే వద్దు. తడి గడ్డి బ్లేడు కింద ముద్దకట్టి బ్యాటరీని తినేస్తుంది. ఆ ముద్ద తీసేటప్పుడు బ్యాటరీ ఊడదీశాకే చెయ్యి పెట్టండి. చీమకుర్తి చుట్టుపక్కల వాళ్లయితే గడ్డిలో గ్రానైటు ముక్కలు లేకుండా ముందే ఏరుకోవాలి, ఒక్క రాయి చాలు బ్లేడు అంచు పోవడానికి.

డబ్బు కట్టేముందు దుకాణంలో ఒక మాట అడగండి, బ్లేడు, విడి బ్యాటరీ నెల్లూరులోనో ఒంగోలులోనో దొరుకుతాయా, లేక చెన్నై నుంచి రావాలా అని. ఇంట్లో ఇప్పటికే 18 వోల్టుల డ్రిల్లు ఉంటే, అదే కంపెనీలో ఆ బ్యాటరీలు రెండు కలిపి నడిచే మోవర్ ఉందేమో కూడా చూడండి. ఉంటే మెషీన్ ఒక్కటే కొనుక్కోవచ్చు.