తాళం పడకముందే

క్లైంబర్లు ఎక్కే రాతి గోడలు, అంటే నిట్టనిలువు కొండ చరియలు, చేజారిపోతున్నది చాలావరకు రాయి వల్ల కాదు. ట్రాక్టరు దారికి అడ్డంగా నిలిపిన కారు, చేను మధ్య కొత్తగా పడిన అడ్డదారి, పొద్దుపోయాక కూడా ఆగని కేకలు, గోడ అడుగున వదిలిన చెత్త... ఇవన్నీ పోగుపడి ఒక రోజు గేటుకు తాళం వేయిస్తాయి. ఆ తర్వాత ఎన్ని సంతకాలు సేకరించినా విసిగిన యజమాని మనసు మారడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల ఒక ప్రాంతంలోని క్లైంబర్ల సంఘం చేయవలసిన అసలు పని అంతా తాళం పడకముందే ఉంటుందని మా అభిప్రాయం.

ఆ పని భూమి రికార్డులతో మొదలవుతుంది. గోడ ఎవరిది, దాని అడుగున నిలబడే నేల ఎవరిది, నడిచే బాట ఎవరిది, కార్లు ఆగే జాగా ఎవరిది? ఈ నాలుగూ నలుగురివి కావచ్చు. గోడ ప్రభుత్వ అడవిలో ఉన్నా, అక్కడికి చేరే బాటలో కొంత ముక్క ప్రైవేటు పొలంలో ఉంటే ఆ ముక్కదే పెత్తనం. ఇంతకాలం అడ్డు చెప్పలేదు కదా అని ఊరుకోవడం పెద్ద పొరపాటు. నోటిమాట మీద నడిచిన దారి, మాట ఇచ్చిన మనిషితోనే ముగుస్తుంది. వారసులకో, కొన్నవారికో ఆ మాటతో సంబంధం లేదు.

కాగితం మీద పెట్టుకునేటప్పుడు తక్కువ అడగడం మేలు. ఏ బాట, ఎన్ని కార్లు, ఏ వేళల మధ్య, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజుల ముందు చెప్పి అనుమతి రద్దు చేయవచ్చు: ఇవి ఒక పేజీలో సరిపోతాయి. రద్దు చేసే హక్కును సంఘమే ముందుగా రాసిస్తే యజమాని జంకు సగం తగ్గుతుంది. కాలం గడిచి నమ్మకం కుదిరాక బాట హక్కును రిజిస్టరు చేయించమని అడగవచ్చు. భూమి చేతులు మారినా నిలిచేది అదే.

యజమానుల అసలు భయం వేరు. ఎవరైనా పడితే కేసు తమ మీదికి వస్తుందని. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ దీనికోసం చట్టాలున్నాయి. రుసుము తీసుకోకుండా విహారానికి భూమిలోకి రానిస్తే యజమానికి బాధ్యత నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుంది. డబ్బు వసూలు చేస్తే ఆ రక్షణ పోయే ప్రమాదం ఉంది. కనుక గేటు దగ్గర టికెట్టు పెడదామనే ఆలోచన వచ్చినప్పుడు సంఘమే ముందుకొచ్చి వారించాలి. ఈ చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి స్థానిక న్యాయవాది చూడకుండా ఏ హామీ పత్రమూ ఇవ్వకూడదు.

కొన్నిసార్లు కొనడం తప్ప దారి ఉండదు. కెంటకీలోని రెడ్ రివర్ గార్జ్ క్లైంబర్ల సంఘం 2004లో సుమారు 700 ఎకరాలు కొని, పేరున్న ఎన్నో గోడలను తన చేతిలోకి తెచ్చుకుంది. అమెరికాలో జాతీయ స్థాయిలో 1991లో ఏర్పడిన క్లైంబర్ల సంస్థ యాక్సెస్ ఫండ్ ఇలాంటి కొనుగోళ్లకు స్థానిక సంఘాలకు అప్పు కూడా ఇస్తుంది. అయితే కొనే ముందు హద్దులు కొలిపించాలి. భూగర్భ ఖనిజాల హక్కు అమ్మేవారి దగ్గరే ఉందో, ఎప్పుడో విడిగా అమ్ముడైపోయిందో చూడాలి. ఏటా పన్ను, బీమా, బాట మరమ్మతు ఖర్చులకు వేరే నిధి లేకుండా భూమి కొన్న సంఘం కొద్ది ఏళ్లకే చేతులెత్తేస్తుంది. గోడ మొత్తం కొనలేనప్పుడు కార్లు ఆగే చిన్న జాగా కొన్నా చాలు, పెద్ద తగాదా ఒకటి తప్పుతుంది.

పక్షుల విషయంలో మేము ఏమాత్రం రాజీ పడం. పెరెగ్రిన్ డేగ కొండ అంచునే గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు పొదగడానికి 33 రోజుల వరకు, పిల్ల ఎగరడానికి మరో ఆరు వారాలు పడుతుంది. పైనుంచి మనిషి దిగితే తల్లి లేచిపోతుంది, గుడ్లు చల్లారిపోతాయి. రెక్కలు పూర్తిగా రాని పిల్లలు బెదిరి దూకేస్తాయి. ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల ఫిబ్రవరి, మార్చి నుంచి జులై దాకా మూసివేత ఉండేది ఇందుకే. సంఘం సభ్యులు దూరం నుంచి టెలిస్కోప్‌తో గూడును చూసి వారం వారం నమోదు చేస్తే రెండు లాభాలున్నాయి. మొత్తం కొండకు బదులు గూడు చుట్టూ ఉన్న భాగం మూస్తే సరిపోతుంది. పిల్లలు ఎగిరిపోయినా, ఆ ఏడు గూడు నిలవకపోయినా గడువుకు ముందే తెరవమని అడగడానికి ఆధారం ఉంటుంది. ఆ నమోదు చూసిన అధికారులు కూడా గడువు పేరుతో ఖాళీ గూడుకు కాపలా పెట్టకూడదు. ఒకసారి అకారణంగా మూసి ఉంచితే మరుసటి ఏడు బోర్డును లెక్కచేసేవారు తగ్గుతారు.

కొన్ని కొండలు కొందరికి పూజాస్థలాలు. అమెరికాలోని డెవిల్స్ టవర్ ఎన్నో ఆదివాసీ తెగలకు పవిత్రమైనది. వారి క్రతువులు జరిగే జూన్‌లో ఎక్కవద్దని 1995 నుంచి అక్కడ కోరుతున్నారు. అది ఆజ్ఞ కాదు, వినతి. అలాంటి వినతిని పాటించడం సంఘం పరువుకు సంబంధించిన విషయమని మేము నమ్ముతున్నాం.

ఇక బోల్టులు, అంటే తాడు తగిలించుకోవడానికి రాతిలో దించే లోహపు మేకులు. జింకు పూత వేసిన ఉక్కు బోల్టు బయటికి మెరుస్తున్నా రంధ్రం లోపల తుప్పుపట్టి ఉండవచ్చు. ఆరుబయట స్టెయిన్‌లెస్ ఉక్కు వాడాలి. ఉప్పుగాలి తగిలే సముద్రపు కొండల మీద స్టెయిన్‌లెస్ కూడా కంటికి కనిపించని పగుళ్లతో విరిగిన సందర్భాలున్నాయి. అక్కడ జిగురుతో దించే టైటానియం బోల్టులే తగినవి. ఒక లోహపు బోల్టుకు మరో లోహపు హ్యాంగర్ (కొక్కెం తగిలించే పలక) తొడిగితే తుప్పు త్వరపడుతుంది. జిగురు పట్టకపోవడానికి ఎక్కువసార్లు కారణం రంధ్రంలో మిగిలిన రాతిపొడి. ఊదడం, బ్రష్ తిప్పడం, మళ్లీ ఊదడం, ఇలా పొడి రావడం ఆగేదాకా చేయాలి. చలిలో జిగురు గట్టిపడడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది కాబట్టి డబ్బా మీద రాసిన గడువు దాటకుండా బరువు వేయకూడదు. పాత బోల్టును పీకి అదే రంధ్రాన్ని వాడితే రాతి మీద కొత్త గాయం ఉండదు. వానకు నానిన మెత్తటి ఇసుకరాయి బాగా బలహీనపడుతుంది. ఒకటి రెండు రోజులు ఆగకుండా ఎక్కితే పట్టు ఊడివస్తుంది, ఆ మార్గం శాశ్వతంగా మారిపోతుంది.

అమెరికా వన్య ప్రాంతాల్లో బోల్టులు ఉండవచ్చా అనే వివాదం ఏళ్లు సాగి, 2025 జనవరిలో చట్టంగా మారిన ఎక్స్‌ప్లోర్ చట్టంలో వాటికి చోటు దొరికింది. మోటారు డ్రిల్లుకు అక్కడ ఇప్పటికీ అనుమతి లేదు. అధికారులు అడిగినప్పుడు ఏ మార్గంలో ఎన్ని బోల్టులు, ఏ లోహం, ఏ ఏడు వేసినవి అని చూపగలిగిన సంఘం మాటకు బలం ఉంటుంది.

ఈ లెక్కలు, ఒప్పంద పత్రాలు, యజమానుల ఫోన్ నంబర్లు చాలా సంఘాల్లో ఒక్కరి దగ్గరే ఉండిపోతున్నాయి. ఆ ఒక్కరూ ఊరు మారినా, ఓపిక తగ్గినా దారి మళ్లీ నోటిమాట స్థాయికి జారుతుంది. కనీసం ఇద్దరి దగ్గర ప్రతులు ఉండాలి. ఏడాదికి ఒకసారైనా ఆ ఇద్దరూ కలిసి యజమాని గుమ్మం దాకా వెళ్లి, కంచె ఎక్కడైనా తెగిందా అని అడిగి రావాలి.